చిన్న కప్పులో ఎస్ప్రెస్సో, పాలు: ఇంట్లో మకియాటో నుంచి ఫ్లాట్ వైట్ దాకా

పెద్ద కప్పులో 250 మి.లీ. పాలు పోస్తే కాఫీలోని లోపాలు చాలావరకు వాటి కింద దాక్కుంటాయి. షాట్, అంటే యంత్రం ఒత్తిడితో ఒకసారికి దింపే చిక్కటి ఎస్ప్రెస్సో కాఫీ, కాస్త పుల్లగా దిగినా, నురగలో బుడగలు మిగిలినా తాగడానికి పెద్ద ఇబ్బంది ఉండదు. 100 మి.లీ. గ్లాసులో ఆ వెసులుబాటు లేదు. గింజ ఎలాంటిదో, పొడి ఎంత సన్నగా పట్టామో, పాలను ఎన్ని డిగ్రీల దగ్గర ఆపామో మొదటి గుక్కలోనే తెలిసిపోతుంది. అయినా నేను రోజూ చేసుకునేది చిన్న కప్పే. ఐదారు గుక్కల్లో పూర్తవుతుంది కాబట్టి చల్లారే లోపే తాగేస్తాం. పాలు కలిసినా కాఫీ రుచి స్పష్టంగా నిలుస్తుంది.

ఈ పానీయాలు కుదరనప్పుడు అందరం మొదట షాట్‌నే అనుమానిస్తాం. నేనూ చాలా నెలలు గ్రైండర్ అమరిక మారుస్తూ, గింజలు మారుస్తూ గడిపాను. చిక్కంతా పాల దగ్గర ఉందని ఆలస్యంగా అర్థమైంది. యంత్రంతో పాటు ఇచ్చే జగ్గూ, నురగ పట్టడం గురించి సాధారణంగా చెప్పే సూచనలూ 200 మి.లీ. లేదా అంతకన్నా ఎక్కువ పాలను దృష్టిలో పెట్టుకున్నవే. 80 మి.లీ. పాలను అదే జగ్గులో, అదే తీరులో వేడిచేస్తే నురగ చెడిపోతుంది. అందుకే ఇక్కడ షాట్ గురించి అవసరమైనంత చెప్పి, ఎక్కువ చోటు కొద్దిపాటి పాలకే ఇస్తున్నాను.

పేర్లు, కొలతలు

మకియాటో అంటే ఇటాలియన్ భాషలో మరక పడినది అని అర్థం. 25, 30 మి.లీ. షాట్ మీద ఒకటి రెండు చెంచాల నురగ పాలు వేస్తే చాలు. కోర్టాడో స్పెయిన్‌ది. కోయడం అనే అర్థమున్న క్రియ నుంచి వచ్చిన మాట. కాఫీ ఘాటును పాలతో కోస్తున్నామన్నమాట. షాట్‌తో సమానంగా, లేదా దానికి ఒకటిన్నర రెట్లు పాలు, నురగ దాదాపు లేకుండా. 2000ల మధ్యలో శాన్ ఫ్రాన్సిస్కోలో ఇదే కొలతను 4.5 ఔన్సుల, అంటే సుమారు 133 మి.లీ. గాజు గ్లాసులో ఇవ్వడం మొదలైంది. ఆ గ్లాసు నమూనా పేరు జిబ్రాల్టర్ కాబట్టి పానీయానికీ ఆ పేరే వచ్చింది. పిక్కోలో ఆస్ట్రేలియా కేఫ్‌లలో పెరిగిన పానీయం. పొట్టి షాట్, అంటే కాస్త ముందే ఆపిన షాట్ మీద పాలు పోసి 90, 100 మి.లీ. గ్లాసు నింపుతారు. ఫ్లాట్ వైట్ ఎవరిదన్న విషయంలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల మధ్య వాదన ఇంకా నడుస్తూనే ఉంది. 150 నుంచి 180 మి.లీ. కప్పు, పైన పలుచని నురగ. సంప్రదాయ ఇటాలియన్ కాపుచినో కూడా ఈ పరిమాణంలోనే ఉంటుంది, నురగ మాత్రం మందం.

ఒక్కో కేఫ్ ఒక్కో కొలత వాడుతుంది కాబట్టి పేర్ల గురించి పట్టుదల అక్కర్లేదు. ఒక లెక్క మాత్రం గుర్తుంచుకోండి. 18 గ్రాముల పొడి నుంచి 36 గ్రాముల షాట్ తీస్తే, పొడిలో ఐదో వంతు, అంటే సుమారు 3.6 గ్రాములు నీటిలో కరిగి వస్తాయి. షాట్‌లో అది పది శాతం. దానికి 40 గ్రాముల పాలు కలిపితే కాఫీ పదార్థం ఐదు శాతం లోపుకు దిగుతుంది. 130 గ్రాములు కలిపితే రెండు శాతం దరిదాపుల్లో ఉంటుంది. కోర్టాడోకూ ఫ్లాట్ వైట్‌కూ మధ్య ఉన్న అసలు తేడా ఇదే. రుచి పలుచగా అనిపిస్తే పాలు పది గ్రాములు తగ్గించండి, ఘాటు ఎక్కువైతే పది పెంచండి. చిన్న కప్పులో పది గ్రాముల మార్పు నాలుకకు బాగా తెలుస్తుంది.

అన్నిటికన్నా ముందు మీ దగ్గరున్న కప్పులో ఎంత పడుతుందో కొలవండి. కప్పును తూకం మీద పెట్టి, సున్నా చేసి, అంచుకు అర సెంటీమీటరు కిందివరకు నీళ్లు పోయండి. గ్రాముల్లో కనిపించేదే మి.లీ. కింద లెక్క. అందులోంచి షాట్ బరువు తీసేస్తే మిగిలినది నురగతో సహా పాలు ఆక్రమించే చోటు. ఇది తెలియకుండా పాలు పోయడం మొదలుపెడితే కాఫీ అంచు దాటి పొర్లడమో, కప్పు సగంలోనే ఆగిపోవడమో తప్పదు.

గింజలు, షాట్

చిన్న పాల పానీయాలకు మధ్యస్థంగానో, దానికన్నా కాస్త ముదురుగానో వేయించిన గింజలు నాకు నచ్చుతాయి. లేతగా వేయించిన గింజల్లోని పండ్ల పులుపు ఉత్త షాట్‌లో అందంగా ఉంటుంది కానీ, పాలు కలిసేసరికి చాలాసార్లు విరిగిన పాలను గుర్తుచేస్తుంది. చేదు, వగరు విషయం వేరు. పాల ప్రోటీన్లు కాఫీలోని వగరు ఇచ్చే పాలీఫినాల్స్‌ను పట్టుకుంటాయి కాబట్టి ఆ పదును తగ్గుతుంది. పులుపో చేదో, ఏదో ఒక వైపు పొరపాటు తప్పదనుకుంటే చేదు వైపే కొద్దిగా మొగ్గండి. వేయించిన తేదీ నుంచి వారం పది రోజులు ఆగిన గింజలు బాగా పనిచేస్తాయి. మరీ తాజా గింజల్లో కార్బన్ డయాక్సైడ్ ఇంకా నిండుగా ఉండి షాట్ నిలకడగా దిగదు.

మొదలుపెట్టడానికి కొలతలు: 18 గ్రాముల పొడి, 36 గ్రాముల షాట్, 25 నుంచి 30 సెకన్లు, నీటి వేడి 93 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఒత్తిడి 9 బార్లు. ఇది కుదిరాక చిన్న కప్పుల కోసం షాట్‌ను కొంచెం కురచ చేయండి. 18 గ్రాములకు 27 నుంచి 32 గ్రాముల మధ్య ఆపితే షాట్ చిక్కగా ఉండి పాలకు ఎదురు నిలుస్తుంది. పిక్కోలోకు నేను 27 దగ్గరే ఆపుతాను.

పొడిని తూచి బాస్కెట్‌లో (యంత్రంలో పొడి పట్టే రంధ్రాల గిన్నె) వేశాక సన్నటి సూదితో అడుగు నుంచి కలపండి. గడ్డలు విడిపోతాయి. తర్వాత ట్యాంపర్‌తో అదమండి. ఎంత బలంగా అదిమారన్నదాని కన్నా, పైభాగం సమంగా ఉందా లేదా అన్నది ముఖ్యం. ఒక పక్కకు వాలితే నీరు పలుచగా ఉన్న చోటు వెతుక్కుని అటే పరుగెడుతుంది. అప్పుడు ఒకే షాట్‌లో కొంత పొడి అతిగా కరిగి చేదు, కొంత సరిగా కరగక పులుపు వస్తాయి. ఈ రెండూ కలిసిన రుచిని గ్రైండర్ అమరికతో సరిచేయలేం.

షాట్‌ను పాలు కలపకుండా అర చెంచా రుచి చూడండి. పులుపు గుచ్చితే పొడి ఇంకా సన్నగా పట్టాలి. చేదు నాలుక వెనక చాలాసేపు నిలిచిపోతే కాస్త బరకగా. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. అమరిక మార్చాక గ్రైండర్‌లో పాత పొడి కొంత ఉండిపోతుంది కాబట్టి మొదటి రెండు మూడు గ్రాములు పక్కన పడేయండి.

ఒక్కరికే కాబట్టి 7, 8 గ్రాములు పట్టే ఒంటి బాస్కెట్ వాడదామని అనిపిస్తుంది. ఆ పని వద్దంటాను. కిందికి సన్నబడే ఆ బాస్కెట్‌లో పొడిని సమంగా పరచడం, అదమడం కష్టం, ఒక రోజుకూ మరో రోజుకూ రుచి పొంతన ఉండదు. జంట బాస్కెట్‌లోనే తీసి, కింద రెండు ధారలు వచ్చే పోర్టాఫిల్టర్‌తో (బాస్కెట్‌ను పట్టి ఉంచే పిడి) రెండు గ్లాసుల్లోకి పంచితే ఒకేసారి ఇద్దరికి పిక్కోలో సిద్ధమవుతుంది. నిజానికి ఈ పానీయాలను ఒక్కరికి చేయడం కన్నా ఇద్దరికి చేయడమే తేలిక. షాట్ నిలకడగా వస్తుంది, పాలు కూడా జగ్గులో తగినంత లోతు ఉంటాయి.

పాలలో ఏం జరుగుతుంది

నురగ అంటే పాలలో చిక్కుకున్న గాలి. ఆ గాలి బుడగల చుట్టూ గోడలా నిలిచేవి ప్రోటీన్లు. పాల ప్రోటీన్లలో సుమారు 80 శాతం కేసీన్, మిగతాది పాల విరుగుడు ప్రోటీన్. వేడి పెరిగే కొద్దీ విరుగుడు ప్రోటీన్లు ముడి విప్పుకుని బుడగ గోడకు అంటుకుంటాయి. 70 డిగ్రీలు దాటితే అవి దెబ్బతిని గంధకపు సమ్మేళనాలు వదులుతాయి. అతిగా కాచిన పాల వాసన అదే. ఒకసారి ఆ వాసన వచ్చాక చల్లార్చినా పోదు.

తీపి గురించి ఒక అపోహ బాగా ప్రచారంలో ఉంది. వేడికి లాక్టోజ్ విడిపోయి ఇంకా తియ్యని చక్కెరలుగా మారుతుందని చెబుతారు. 60 డిగ్రీల వేడిలో కొన్ని సెకన్లు ఉంచితే లాక్టోజ్ విడిపోదు. చల్లగా ఉన్నప్పటి కన్నా వెచ్చగా ఉన్నప్పుడు నాలుక తీపిని ఎక్కువగా గుర్తిస్తుంది, అంతే. పాలలో లాక్టోజ్ దాదాపు ఐదు శాతం ఉంటుంది కాబట్టి 55 నుంచి 62 డిగ్రీల మధ్య ఆపిన పాలు చక్కెర వేయకుండానే కమ్మగా తెలుస్తాయి. చిన్న కప్పులకు నేను 58 దగ్గర ఆపుతాను.

కొవ్వు వల్ల నునుపు వస్తుంది. కొవ్వు తీసిన పాలు ఎత్తుగా, బిగువుగా నురగ కడతాయి కానీ నోటికి పొడిగా తగులుతాయి. 3 నుంచి 4 శాతం కొవ్వున్న పాలతో నురగ అంత ఎత్తు రాకపోయినా పట్టులా ఉంటుంది, చిన్న కప్పుకు కావలసింది అదే. గడువు దగ్గరపడిన పాలు రుచికి బాగానే ఉన్నా నురగ కట్టకుండా మొరాయించడం మీరు చూసే ఉంటారు. కొవ్వు నెమ్మదిగా విడిపోయి పుట్టిన పదార్థాలు బుడగ గోడ మీద ప్రోటీన్ల చోటు లాక్కోవడమే దానికి కారణం. ఎంత ప్రయత్నించినా నురగ నిలవని రోజున ముందుగా పాల ప్యాకెట్ మీది తేదీ చూడండి.

మరిగించి చల్లార్చిన పాలు వాడేట్టయితే మీగడ పూర్తిగా తీసి, వడకట్టి, ఫ్రిజ్‌లో బాగా చల్లబరచండి. మీగడ తునకలు ఆవిరి గొట్టం (పాలలోకి ఆవిరి పంపే యంత్రపు గొట్టం) రంధ్రాల్లో ఇరుక్కుంటాయి. కాచిన పాల రుచి కొంత ఉంటుందని తెలిసే వాడాలి. ఓట్స్ పాలు కావాలంటే కాఫీ కోసమని ప్రత్యేకంగా తయారుచేసినవి ఎంచుకోండి. వాటిలో నూనె, ఆమ్లాన్ని అదుపు చేసే లవణాలు కలుపుతారు కాబట్టి పుల్లటి షాట్‌లో కూడా విరగవు.

కొద్ది పాలకు ఆవిరి పట్టడం

ముందుగా జగ్గు. లోపలి వ్యాసం 9 సెం.మీ. ఉన్న పెద్ద జగ్గులో 80 మి.లీ. పాలు పోస్తే లోతు ఒకటింబావు సెంటీమీటరు మించదు. ఆవిరి గొట్టం కొన మునగడానికే అది చాలదు, ఇక పాలు సుడి తిరగడానికి చోటెక్కడిది? ఆవిరి అడుగుకు తగిలి పైకి చిమ్మి పెద్ద పెద్ద బుడగలు లేపుతుంది. అవే పాలు 6 సెం.మీ. వ్యాసమున్న చిన్న జగ్గులో పోస్తే లోతు రెండున్నర సెంటీమీటర్లు దాటుతుంది. 200 నుంచి 250 మి.లీ. పట్టే స్టీల్ జగ్గు ఒకటి విడిగా కొనుక్కోండి. గ్రైండర్ తర్వాత చిన్న పానీయాలకు ఇంతగా ఉపయోగపడిన వస్తువు నా వంటింట్లో మరొకటి లేదు.

రెండోది పాల పరిమాణం. చిన్న జగ్గులోనైనా కనీసం 100 గ్రాములు పోయమంటాను. కోర్టాడోకు 45 గ్రాములే కావాలి కదా అనిపిస్తుంది. మిగిలినవి వేరే గ్లాసులో పోసుకుని తాగేయవచ్చు. అంతకన్నా తక్కువ పాలు మరీ త్వరగా వేడెక్కుతాయి, గాలి చేర్చడానికీ, ఆ గాలిని కలపడానికీ వ్యవధి ఉండదు. పాలు ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినవై ఉండాలి. జగ్గును కూడా ఫ్రిజ్‌లో పెడితే మరికొన్ని సెకన్లు కలిసొస్తాయి.

గొట్టం కొనకు నాలుగు రంధ్రాలున్న యంత్రాలు ఈ పనికి దూకుడైనవి. మీ యంత్రానికి ఒకటి రెండు రంధ్రాలున్న కొన దొరికితే మార్చుకోండి.

ఇక పని క్రమం. గొట్టాన్ని ఖాళీగా రెండు మూడు సెకన్లు తెరిచి లోపల పేరుకున్న నీటిని బయటికి వదలండి. అది చేయకపోతే ఆ నీరంతా మీ 100 గ్రాముల పాలలోకే వెళ్తుంది. కొనను పాల మధ్య నుంచి కాస్త పక్కకు, జగ్గు గోడకూ మధ్యకూ సగం దూరంలో, పాల ఉపరితలం కిందికి కొద్దిగా ముంచి ఆవిరిని పూర్తిగా తెరవండి. వెంటనే జగ్గును రవ్వంత కిందికి దించండి. కొన ఉపరితలాన్ని తాకీ తాకనట్టు ఉన్నప్పుడు కాగితం చింపుతున్నట్టు చిన్న శబ్దం వస్తుంది. గాలి లోపలికి వెళ్తున్నదనడానికి గుర్తు అదే. గరగరమని పెద్దగా చిమ్మితే కొన మరీ పైకి వచ్చింది. కీచుమని అరిస్తే గాలి వెళ్లడం లేదు.

కోర్టాడోకు ఆ శబ్దం ఒకటి రెండు సెకన్లు వినిపిస్తే చాలు. ఫ్లాట్ వైట్, పిక్కోలోలకు మూడు నాలుగు. కాపుచినోకు ఆరేడు. యంత్రం శక్తిని బట్టి ఇవి మారతాయి కాబట్టి పాలు ఎంత పెరిగాయో చూసి తేల్చుకోండి: కోర్టాడోకు పదో వంతు, ఫ్లాట్ వైట్‌కు ఐదో వంతు, కాపుచినోకు సగం దాకా. గాలి చేర్చే పని పాలు గోరువెచ్చబడే లోపే, అంటే జగ్గు మీది చేతికి చల్లదనం పోయేసరికే ముగియాలి. ఆ తర్వాత చేరిన బుడగలను నలగ్గొట్టడానికి సమయం మిగలదు.

ఇప్పుడు జగ్గును అర సెంటీమీటరు పైకెత్తి కొనను ముంచి, పాలు గుండ్రంగా సుడి తిరిగేలా కోణం సరిచేయండి. సుడి దొరికితే చేయి కదపకండి. పెద్ద బుడగలు ఆ సుడిలోకి లాగబడి నలిగి కంటికి కనిపించనంత చిన్నవవుతాయి. చిన్న జగ్గులో సుడి దొరికే చోటు బియ్యపు గింజంత మాత్రమే ఉంటుంది. అది చేతికి అలవాటయ్యేదాకా పాలు వృథా చేయడం ఎందుకు? చల్లని నీటిలో గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క వేసి సాధన చేయండి. దాదాపు పాలలాగే నురగ కడుతుంది. తర్వాత జగ్గునూ గొట్టాన్నీ బాగా కడిగి, ఆవిరి వదిలి శుభ్రం చేయడం మరవకండి.

ఆపే సమయాన్ని థర్మామీటరుతో చూడటం మంచిది. అది లేకపోతే అరచేతిని జగ్గు అడుగున ఆనించండి. ఇక పట్టుకోలేను అనిపించే వేడి 55 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. అక్కడే ఆపండి. ఆవిరి ఆపాక కూడా వేడి ఒకటి రెండు డిగ్రీలు పెరుగుతుంది. పాలు తక్కువైతే ఆ పెరుగుదల ఇంకా ఎక్కువ, కాబట్టి ఒక క్షణం ముందే ఆపడం మేలు.

ఒకసారి ఈ ప్రయోగం చేసి చూడండి. ఆవిరి పట్టకముందూ, పట్టాకా జగ్గును తూచండి. 5 డిగ్రీల దగ్గరున్న 100 గ్రాముల పాలను 60కి తేవడానికి సుమారు 9 గ్రాముల ఆవిరి నీరుగా మారి పాలలో కలవాలి. మీ తూకంలో 109, 110 కనిపిస్తే యంత్రం నీటి చుక్కలు లేని పొడి ఆవిరి ఇస్తున్నట్టు. 118, 120 కనిపిస్తే గొట్టంలో నీరు మిగిలిపోతున్నదనో, ఆవిరి సిద్ధం కాకముందే తెరుస్తున్నారనో అర్థం. రుచి పలుచగా ఉందని కాఫీని తిట్టుకునే ముందు ఈ తూకం వేయడం మంచిది.

ఏది ముందు, ఏది తర్వాత

కాఫీకీ ఆవిరికీ వేర్వేరు వేడి ఏర్పాట్లున్న యంత్రమైతే షాట్ దిగుతుండగానే పాలకు ఆవిరి పట్టవచ్చు. ఒకే బాయిలరున్న యంత్రంలో షాట్ ముందు తీసి, ఆవిరి మీట వేసి, అది వేడెక్కాక పాలు పట్టడం నా పద్ధతి. ఆ వ్యవధిలో షాట్ కొంత చల్లారుతుంది, క్రెమా, అంటే షాట్ మీది గోధుమరంగు నురగ, కొంత తగ్గుతుంది. ముందే నురగ పట్టి పెట్టుకుంటే మాత్రం నురగ పైకి తేలి, పాలు కిందికి దిగి విడిపోతాయి. రెండు నష్టాల్లో మొదటిదే చిన్నది. పని ముగిశాక బాయిలర్‌లోకి నీరు పంపి మళ్లీ చల్లబరచండి, లేకపోతే తర్వాతి షాట్ మాడు రుచితో వస్తుంది.

కప్పు వేడిచేయడం చిన్న పానీయాల్లో తప్పనిసరి. 150 గ్రాముల బరువున్న పింగాణీ కప్పు గది వేడిలో ఉంటే, అందులో పోసిన 100 గ్రాముల కాఫీ నుంచి ఎనిమిది తొమ్మిది డిగ్రీలు లాగేసుకుంటుంది. 60 దగ్గర అపురూపంగా ఆపిన పాలు 52కి పడిపోతాయి. మొదలుపెట్టేటప్పుడే కప్పు నిండా వేడినీళ్లు పోసి ఉంచి, షాట్‌కు ముందు పారబోసి తుడవండి.

పోయడం

ఆవిరి ఆపగానే జగ్గును ఒకసారి మెల్లగా గట్టు మీద తట్టి, గుండ్రంగా తిప్పుతూ ఉండండి. ఉపరితలం నిగనిగలాడాలి, జగ్గు గోడ మీద పాలు పలుచని తెరలా జారాలి. తిప్పడం ఆపితే పది పదిహేను సెకన్లలో నురగ విడిపోవడం మొదలవుతుంది. ఇద్దరికి చేస్తుంటే మొదటి గ్లాసులోకి పాలు వెళ్లి రెండో గ్లాసుకు నురగ మిగలకుండా, మధ్యలో మళ్లీ తిప్పండి. లేదా సగం పాలను రెండో చిన్న పాత్రలోకి పంచుకోండి.

కప్పును కొంచెం వాల్చి, అరచేయి ఎత్తు నుంచి సన్నటి ధారగా షాట్ మధ్యలోకి పోయండి. ఎత్తు నుంచి పడిన పాలు క్రెమా కిందికి వెళ్లి కాఫీతో కలుస్తాయి. కప్పు మూడింట రెండు వంతులు నిండాక జగ్గు మూతిని ఉపరితలానికి దాదాపు తాకించి ధార పెంచితే నురగ తెల్లగా పైకి తేలుతుంది. 100 మి.లీ. గ్లాసులో ఒక తెల్లని చుక్క, కుదిరితే చిన్న హృదయం. అంతకు మించి బొమ్మలకు చోటు లేదు. కోర్టాడోకు బొమ్మ కోసం ప్రయత్నించకండి, దానికి కావలసినంత నురగ ఉంటే అది కోర్టాడోగా మిగలదు. మకియాటోకు పోయడం కన్నా చెంచాతో వేయడమే నయం. జగ్గులో పైన తేలిన నురగను చెంచాతో తీసి షాట్ నడుమ నిలపండి.

యంత్రం లేకపోతే

పొయ్యి మీద పెట్టే మోకా పాత్రతో మంచి కోర్టాడో లాంటి పానీయం చేయవచ్చు. అల్ఫోన్సో బియలెట్టి 1933లో తెచ్చిన ఈ అల్యూమినియం పాత్రలో ఒత్తిడి ఒకటి రెండు బార్లు మాత్రమే. క్రెమాకు అది చాలదు. నిజానికి ఎస్ప్రెస్సోకు కూడా క్రెమా వచ్చింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అకిల్లే గాజియా స్ప్రింగు మీట యంత్రాలు ఒత్తిడిని పెంచాకే. మోకా కింది పాత్రలో కవాటం కిందివరకు వేడినీళ్లు పోయండి. పొడి నింపి సమం చేయండి కానీ అదమకండి. మూత తెరిచి సన్నటి మంట మీద పెట్టండి. కాఫీ లేత రంగుకు తిరిగి గురగుర మొదలవగానే దించి, అడుగును చల్లని నీటి ధార కింద పెట్టండి. ఈ కాఫీ ఎస్ప్రెస్సో అంత చిక్కన కాదు కాబట్టి దానికి సమానంగా పాలు పోస్తే చాలు, రెట్టింపు వద్దు.

ఏరోప్రెస్ (చేత్తో నొక్కి కాఫీ దించే గొట్టం) ఉంటే 18 గ్రాముల సన్నటి పొడికి 60 గ్రాముల వేడినీరు, పది సెకన్లు కలిపి, ఒక నిమిషం ఆగి గట్టిగా నొక్కండి. సుమారు 40 గ్రాముల చిక్కటి కాఫీ దిగుతుంది. చేదు తక్కువ, పాలతో బాగా కలుస్తుంది.

నురగకు ఫ్రెంచ్ ప్రెస్ (పైకీ కిందికీ ఆడే జాలీ ఉన్న కాఫీ పాత్ర) నాకు ఇష్టమైన సాధనం. పాలను పొయ్యి మీద 60 డిగ్రీలకు తెచ్చి, అంచున చిన్న బుడగలు కనిపించకముందే దించి, ప్రెస్‌లో మూడో వంతుకు మించకుండా పోయండి. జాలీని పాల ఉపరితలం దాటి ఐదారుసార్లు పైకీ కిందికీ ఆడిస్తే గాలి చేరుతుంది. తర్వాత పాల లోపలే ఉంచి మరో పదిసార్లు వేగంగా ఆడిస్తే బుడగలు చిన్నవవుతాయి. అర నిమిషం ఆగి, తట్టి, తిప్పి పోయండి. ఇక్కడా చిన్న ప్రెస్ కావాలి. లీటరు ప్రెస్‌లో 100 మి.లీ. పాలు జాలీకి అందవు.

చివరగా గొట్టం

పాలు పోయడానికి ముందే, జగ్గును పక్కన పెట్టిన మరుక్షణం, తడి గుడ్డతో ఆవిరి గొట్టాన్ని తుడిచి రెండు సెకన్లు ఆవిరి వదలండి. ఆవిరి ఆపగానే గొట్టం లోపల మిగిలిన ఆవిరి నీరుగా మారి, ఆ ఖాళీ కొన దగ్గరి పాలను లోపలికి లాగుతుంది. లోపల ఎండిన పాలు మరునాటి కప్పులో పాచి వాసనగా బయటపడతాయి, నెలలు గడిస్తే రంధ్రాలు మూసుకుపోతాయి. పైన ఎండిపోయిన పొర కనిపిస్తే గీకకుండా, ఒక గ్లాసు వేడినీటిలో కొనను పావుగంట నానబెట్టండి. ఈ గుడ్డ గొట్టానికే ప్రత్యేకం, గట్టు తుడవడానికి వాడకూడదు. రోజూ ఉతకాలి.

జగ్గులో మిగిలిన పాలను మళ్లీ ఆవిరి పట్టకండి. వెచ్చగా మొదలయ్యే పాలకు గాలి చేర్చే వ్యవధి ఉండదు, రెండోసారి వేడికి కాచిన వాసన కూడా మొదలవుతుంది. అవి తాగేసి, జగ్గును చన్నీళ్లతో కడిగి, ఆరబెట్టి, తర్వాతి కప్పు కోసం ఫ్రిజ్‌లో పెట్టండి.